మా రోజుల్లో లాగ్ చదివేవాళ్లం

"అప్‌డేట్ ఫెయిలైంది మాస్టారూ. ఫైర్‌వాల్ ఆపేసి మళ్లీ కొట్టాను, అయిపోయింది."

ఈ మాట ఈ మధ్య చాలామంది కుర్రాళ్ల నోట వింటున్నాను. చెప్పేటప్పుడు పని ముగించిన తృప్తి వాళ్ల మొహంలో కనిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఆపిన ఫైర్‌వాల్‌ని మళ్లీ లేపావా అంటే నీళ్లు నములుతారు. ఇంతకీ ఎందుకు ఫెయిలైంది అంటే "ఏదో ఎర్రర్ వచ్చింది మాస్టారూ" అంటారు. ఏ ఎర్రరు? చదవలేదు. స్క్రీను మీద అక్షరాలా రాసి చూపించింది కదయ్యా, చదవడానికి ఏమొచ్చింది? మా రోజుల్లో ఆ ఒక్క వాక్యం పట్టుకుని రాత్రంతా కూర్చునేవాళ్లం.

మా చిలకలపూడి అనగానే లోకానికి గుర్తొచ్చేవి పాండురంగడి గుడి, రోల్డు గోల్డు నగలు. ఇక్కడి గాజులు, గొలుసులు, దిద్దులు, పెళ్లి సెట్లు దేశమంతా పోతాయి. పోతేపల్లిలో నగల పార్కు కూడా వెలిసింది. ఒకప్పుడు ఆర్డర్లు పోస్టు కార్డు మీద వచ్చేవి, ఆ తర్వాత ఫోనులో వచ్చాయి, ఇప్పుడు వెబ్‌సైట్ మీద వస్తున్నాయి. డిజైన్ల ఫొటోలు, కొనేవాళ్ల అడ్రసులు, ఎవరి బాకీ ఎంతో ఆ లెక్కలు, జీఎస్టీ బిల్లులు అన్నీ కొట్టు వెనక గదిలోని లినక్స్ మిషన్లోనో, నెలకింతని అద్దె కట్టే సర్వర్లోనో ఉంటున్నాయి. ఆ సర్వరు గుమ్మంలో ఉండేది ఫైర్‌వాల్. ఏ పోర్టు తెరిచి ఉండాలి, ఏది మూసి ఉండాలి, లోపలికి ఎవరు రావచ్చు, బయటికి ఏది పోవచ్చు అన్నది అదే తేలుస్తుంది. బందరులో ఒక కాలేజీ ల్యాబులో మొదలుపెట్టి, తర్వాత ఈ వ్యాపారుల మిషన్లు చూసుకుంటూ నా పనికాలమంతా గడిచింది. ఇప్పటికీ ఎవరికైనా చిక్కొస్తే మా ఇంటికే వస్తారు. అందుకే ఈ నాలుగు మాటలూ చెబుతున్నాను.

మా రోజుల్లో లినక్స్ బందరుకి బస్సులో వచ్చింది. పీసీ క్వెస్ట్ పత్రికతో పాటు లినక్స్ సీడీ ఇచ్చేవారు. బెజవాడ వెళ్లేవాళ్లకి చెప్పి తెప్పించుకునేవాళ్లం. 2003లో లినక్స్ ఫర్ యూ పత్రిక మొదలయ్యాక దాని సీడీల కోసం ఎదురుచూసేవాళ్లం. 2005 నుంచి ఉబుంటు వాళ్లు అడిగినవాళ్లకి పైసా తీసుకోకుండా పోస్టులో సీడీలు పంపేవారు. 2011లో అది ఆపేశారు. అంతదాకా మా ఊరి పోస్ట్‌మన్ కూడా లినక్స్‌కి సేవ చేసినవాడే. ఇంటర్నెట్ అంటే ఫోను లైనుకి తగిలించిన మోడెం. చిన్న ప్యాకేజీ దిగాలన్నా గంటలు పట్టేది. వాన పడితే లైను పోయేది. ఎవరైనా ఇంట్లో ఫోను ఎత్తితే దిగుతున్నది తెగిపోయేది. ఒక్కో ప్రయత్నానికి అంత ఖర్చు, అంత సమయం పట్టేది కాబట్టి గుడ్డిగా మళ్లీ మళ్లీ కొట్టే అలవాటు మాకు లేదు. ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో తేల్చుకున్నాకే రెండోసారి ముట్టుకునేవాళ్లం.

ఫైర్‌వాల్ కూడా మా కళ్ల ముందు పెరిగింది. 1996లో వచ్చిన 2.0 కెర్నెల్ రోజుల్లో యోస్ వోస్ రాసిన ఐపీ ఎఫ్‌డబ్ల్యూ అడ్మిన్ అనే పనిముట్టు ఉండేది. 1999లో 2.2 కెర్నెల్‌తో ఐపీచెయిన్స్ వచ్చింది. 2001లో 2.4 కెర్నెల్‌తో ఐపీటేబుల్స్ వచ్చింది. ఈ రెండింటి వెనకా ఆస్ట్రేలియా వాడైన రస్టీ రస్సెల్ ఉన్నాడు. 2014లో 3.13 కెర్నెల్‌తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ చేరింది. ప్రతిసారీ రూల్సు రాసే భాష మారింది. మారినప్పుడల్లా పాత రూల్సన్నీ కాగితం మీద దింపుకుని, ఒక్కో లైనుకీ ఎదురుగా "ఇది ఎవరి కోసం తెరిచాం? వాళ్లింకా ఉన్నారా?" అని రాసుకునేవాళ్లం. ఆ పనిలోనే తెలిసేది, ఎప్పుడో మానేసిన ఉద్యోగి కోసం తెరిచిన దారి ఇంకా తెరిచే ఉందని. మనుషులు కూర్చుని మార్చారు కాబట్టి ఏ రూలు ఎందుకుందో మనుషులకు తెలిసేది. ఇప్పుడు మార్చే పని స్క్రిప్టు చేస్తోంది. ఏ పోర్టు ఎందుకు తెరిచి ఉందో చెప్పగలిగే మనిషి కొట్టులో ఒక్కడూ ఉండడు.

అప్‌డేట్ చేసే పద్ధతి కూడా చెబుతాను. ముందుగా ఉన్న రూల్సు ఐపీటేబుల్స్ సేవ్‌తో ఒక ఫైల్లోకి తీసి, తేదీ పెట్టి, ఆ ఫైలు ఇంకో మిషన్‌కి చేర్చేవాళ్లం. తర్వాత రెండో టెర్మినల్ తెరిచి, అందులో విడిగా లాగిన్ అయి, దాన్ని కదపకుండా ఉంచేవాళ్లం. మొదటి దాంట్లో మనల్ని మనమే బయట పెట్టేసుకున్నా రెండోది లోపలే ఉంటుంది. ఆ రెండూ తెగినా దిక్కుండాలని 'ఎట్' అనే కమాండుతో ఐదు నిమిషాల తర్వాత పాత రూల్సు వాటంతట అవే తిరిగొచ్చేలా గడువు పెట్టేవాళ్లం. అంతా సవ్యంగా ఉంటే ఆ గడువు రద్దు చేసేవాళ్లం. సర్వరు ఎక్కడో బెంగళూరులో ఉండి మనం చిలకలపూడిలో కూర్చుని పని చేసేటప్పుడు ఈ ఐదు నిమిషాలే ప్రాణం నిలిపేవి. సీఎస్‌ఎఫ్ అనే ఫైర్‌వాల్ తయారుచేసినవాళ్లు ఈ పద్ధతినే అందులో కలిపేశారు. కొత్తగా ఎక్కించినప్పుడు అది 'టెస్టింగ్' అమరికలో ఉంటుంది. ఐదేసి నిమిషాలకి రూల్సు వాటంతట అవే చెరిగిపోతాయి. పెట్టినవాడు అంతా సరిచూసుకుని ఆ అమరికని సున్నా చేస్తేనే ఫైర్‌వాల్ నిలుస్తుంది. ఎంత అనుభవం ఉన్నవాళ్లు చేస్తే అలా వచ్చింది! ఇప్పటి కుర్రాళ్లలో కొందరు ఆ సున్నా కూడా పెట్టకుండా వెళ్లిపోతున్నారు. నెలల తరబడి ఆ సర్వరుకి ఫైర్‌వాల్ పేరుకే ఉంటోంది.

ఇక నోటుబుక్కు సంగతి. మా వీధిలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీలో పనిచేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. 1926లో బందరులో పుట్టిన కంపెనీ అది. ల్యాబుల్లో వాడే సైన్సు పరికరాలు చేసేది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఆయన చూసిన కొలత కాగితం మీద పెట్టకుండా కుర్చీలోంచి లేచేవారు కారు. "చూసింది రాయకపోతే చూడనట్టే లెక్కరా అబ్బాయ్" అనేవారు. ఆ మాట నాకు పట్టుబడింది. ప్రతి సర్వరుకీ ఒక పుస్తకం పెట్టాను. ఏ తేదీన ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి వెళ్లింది, మధ్యలో ఏ మాట చెప్పింది, నేనేం మార్చాను, ఎందుకు మార్చాను అన్నీ అందులో రాసేవాణ్ణి. ఇప్పుడు ఎవరి దగ్గరా పుస్తకం లేదు. పాత కుర్రాడు మానేసి కొత్తవాడు వస్తే సర్వరు చరిత్ర పాతవాడితోనే వెళ్లిపోతుంది.

ఈ మధ్య జరిగింది ఒకటి చెబుతాను. ఒక నగల వ్యాపారి సర్వరు చూసే కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఫైర్‌వాల్ అప్‌డేట్ కావడం లేదట. రీబూట్ చేశాడట, ఫైర్‌వాల్ తీసేసి ప్రయత్నించాడట, డీఎన్ఎస్ మార్చాడట, ఏఐ చాట్‌లో అడిగి అది ఇచ్చిన కమాండ్లన్నీ వరసపెట్టి కొట్టాడట. ఒక్కటీ పనిచెయ్యలేదు.

"ముందు రూట్ పేరిట వచ్చిన మెయిల్ తెరువు బాబూ" అన్నాను.

"అవెవరూ చూడరు బాబాయ్ గారూ."

తెరిపించాను. ప్రతి రాత్రీ అదే ఉత్తరం, అదే వాక్యం. అప్‌డేట్ దించుకునే చిరునామాకి చేరలేకపోతున్నానని సర్వరు రోజూ చెబుతూనే ఉంది. పైకి జరుపుకుంటూ మొదటి ఉత్తరం దాకా తీసుకెళ్లాను. మొదలైన తేదీ చూడమన్నాను. 2025 సెప్టెంబరు మొదట్లో ఉంది. ఇంకో నాలుగు చిరునామాలు పిలిచి చూడమన్నాను. అన్నీ పలికాయి, అదొక్కటే పలకలేదు. అంటే మన లైను బాగానే ఉంది, మన డీఎన్ఎస్ బాగానే ఉంది, లేనిది అవతలి ఇల్లు.

ఆ ఫైర్‌వాల్ సీఎస్‌ఎఫ్. దాన్ని నడిపిన వే టు ది వెబ్ సంస్థ 2025 ఆగస్టు 31న మూతపడింది. ముందే ప్రకటించి, తమ కోడ్‌ని జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ వదిలి మరీ గౌరవంగా తలుపు మూశారు. చదివినవాళ్లకి ఆ సంగతి తెలుసు. చదవనివాళ్లు నెలల తరబడి తమ సర్వర్లో లేని జబ్బు వెతుకుతున్నారు. ఈ కుర్రాడు మందు కూడా వేశాడు. డీఎన్ఎస్ మార్చాడు, సర్టిఫికెట్ పరీక్ష తీసేశాడు, రెండుసార్లు ఫైర్‌వాల్ దించాడు. బాగున్న వాటిని కూడా చెడగొట్టి నా దగ్గరికి తెచ్చాడు.

అప్పుడు చెయ్యాల్సిన పని వేరు. ఉన్న ఫైర్‌వాల్ ఇంకా పనిచేస్తూనే ఉంది, రూల్సు కెర్నెల్లో ఉన్నాయి, కంగారు లేదు. ముందుగా దాని అమరికల ఫైల్లో ఆటో అప్‌డేట్ సున్నా చెయ్యాలి. ఎందుకంటే ఆ అప్‌డేట్ నడిచేది రూట్ అధికారంతో. మూతపడిన సంస్థ వెబ్ చిరునామా రేపు ఇంకెవరి చేతికో పోతే, మన సర్వరు రోజూ రాత్రి వెళ్లి వాళ్ల తలుపు తట్టి, వాళ్లేమిస్తే అది తెచ్చుకుని రూట్‌గా నడిపిస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఉందా? ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని, వదిలిన కోడ్‌ని ఎవరు బాధ్యతగా నడుపుతున్నారో చూసి వాళ్ల దాన్ని పెట్టుకోవాలి, లేదా డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చే ఫైర్‌వాల్‌డీకో నేరుగా ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కో మారాలి. ఈ నిర్ణయం కుర్రాడూ యజమానీ కలిసి తీసుకోవాలి. ఒక్క ఉత్తరం చదివి ఉంటే మొదటి రోజే ఇక్కడికి వచ్చేవాడు.

అప్‌డేట్ ఫెయిలవడానికి కారణాలు అనంతం కావు. పనిచేసినవాళ్లకి అవి వేళ్ల మీద ఉంటాయి. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటిది స్థలం. వార్ ఫోల్డరు నిండిపోయి ఉంటుంది, లేదా పాత కెర్నెళ్లతో బూట్ విభాగం నిండి ఉంటుంది. అప్‌డేట్ సగంలో ఆగుతుంది. డిస్కులో ఖాళీ ఉన్నా "స్థలం లేదు" అంటే కంగారు పడి ఫైళ్లు చెరపకండి. డీఎఫ్ కమాండుకి 'ఐ' చేర్చి చూడండి. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుపోతే ఐనోడ్లు అయిపోతాయి. చాలాచోట్ల ఆ చిన్న ఫైళ్లు ఏవంటే, ఎవరూ చదవని ఆ ఫెయిల్యూరు మెయిళ్లే!

రెండోది గడియారం. మదర్‌బోర్డు మీద బ్యాటరీ చచ్చి సర్వరు తారీఖు వెనక్కి పోతే, అవతలివాళ్ల సర్టిఫికెట్ ఇంకా మొదలు కాలేదంటుంది, రిపాజిటరీ ఫైలు ఇంకా చెల్లదంటుంది. తేదీ సరిచేస్తే పోయేదానికి సర్టిఫికెట్ పరీక్షే ఎత్తేసేవాళ్లని చూస్తున్నాను. మన దేశంలో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో గడియారాలు ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సమయ సర్వర్లతో కలిపి ఉంచాలనీ, లాగ్‌లు 180 రోజులు దాచాలనీ స్పష్టంగా ఉంది. సర్కారు కూడా చెప్పిందయ్యా, గడియారం చూసుకోండి, లాగ్ దాచుకోండి అని!

మూడోది సర్టిఫికెట్ల వయసు. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆధారపడిన డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత మూల సర్టిఫికెట్ గడువు తీరింది. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న సర్వర్లు ఆ రోజు నుంచి ఎన్నో చిరునామాలని నమ్మడం మానేశాయి. అవతలి సైటు బాగానే ఉంది, మన మిషన్ దగ్గరున్న నమ్మకస్తుల జాబితాయే పాతబడింది. ఆ జాబితా ప్యాకేజీని కొత్తది చేసుకోవడమే మందు. "పరీక్షించకుండా దించు" అనే ఆప్షన్ చేర్చడం మందు కాదు.

నాలుగోది డిస్ట్రిబ్యూషన్ ఆయుష్షు. సెంటోస్ 8 కాలం 2021 డిసెంబరు 31తో, సెంటోస్ 7 కాలం 2024 జూన్ 30తో అయిపోయింది. ఆ తర్వాత మిర్రర్ జాబితాలు పలకడం మానేశాయి. చాలామంది పాత సరుకు దాచిన వాల్ట్ చిరునామా పెట్టుకుని "అప్‌డేట్ అయింది" అని మురుస్తున్నారు. ఆ వాల్ట్‌లో ఉన్నది ఆగిపోయిన కాలం. కొత్త రంధ్రానికి అక్కడ మాటు దొరకదు. ఆ సర్వరుకి కావలసింది కొత్త ఇల్లు, దానికి తేదీ రాసుకుని మకాం మార్చాలి.

ఐదోది తాళం. ఉబుంటులో, డెబియన్‌లో వెనక ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉంటే, ఇంకో ప్రాసెస్ తాళం పట్టుకుంది అంటుంది. ఎవరు పట్టుకున్నారో దాని నంబరు కూడా చెబుతుంది. రెండు నిమిషాలు ఆగితే వదిలేస్తుంది. ఆగే ఓపిక లేక తాళం ఫైలుని చెరిపేస్తున్నారు. రెండు చేతులు ఒకేసారి ప్యాకేజీల పట్టీ రాస్తే అది పాడవుతుంది. సగంలో ఆగినదాన్ని పూర్తి చెయ్యడానికి డీపీకేజీ కాన్ఫిగర్ అనే కమాండు ఉంది. అది వాడండి.

ఆరోది రెండు ఐపీటేబుల్స్. 2019లో వచ్చిన డెబియన్ 10, రెడ్ హ్యాట్ 8 నుంచి ఐపీటేబుల్స్ అనే పేరు వెనక ఎన్‌ఎఫ్‌టేబుల్స్ పనిచేస్తోంది. డెబియన్‌లో పాతది కూడా లెగసీ పేరుతో పక్కనే ఉంటుంది. అప్‌గ్రేడ్ తర్వాత కొన్ని రూల్సు పాత గదిలో, కొన్ని కొత్త గదిలో చేరతాయి. జాబితా అడిగితే ఒక గదే చూపిస్తుంది. కింద చిన్న హెచ్చరిక కూడా ఇస్తుంది, పాత టేబుల్స్ కూడా ఉన్నాయి చూసుకోమని. ఆ చివరి లైను చదవకే, "రూల్సు లేవు కానీ ట్రాఫిక్ ఆగుతోంది" అని జుట్టు పీక్కుంటారు.

ఏడోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఫైర్‌వాల్ తన అప్‌డేట్‌ని తానే ఆపడం. పాత రోజుల్లో బయటికి 80వ పోర్టు, 21వ పోర్టు తెరిస్తే చాలేది. రిపాజిటరీలు హెచ్‌టీటీపీఎస్‌కి మారాక 443 కావాలి. బయటికి పోయే జాబితాలో అది లేకపోతే అప్‌డేట్ దిగదు. కెర్నెల్ లాగ్ తెరిస్తే 'టీసీపీ అవుట్ బ్లాక్డ్' అనే లైను ఉంటుంది. మన ఐపీ, వెళ్లాల్సిన ఐపీ, 'డీపీటీ=443' అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. జబ్బు పేరు, ఊరు, ఇంటి నంబరు అన్నీ చెప్పేసినట్టే కదా! బయటికి పోయే జాబితాలో 443 చేర్చి, రూల్సు మళ్లీ ఎక్కిస్తే పని అయిపోయింది. అంతకోసం మొత్తం ఫైర్‌వాల్ దించేస్తారా? దివిసీమలో పుట్టి పెరిగిన వాళ్లని అడగండి, లారీ దారికి అడ్డమొచ్చిందని కరకట్టకి ఎవరైనా గండి కొడతారా అని. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన సంగతి తెలిసిన నేల ఇది. కాసేపే కదా అనే మాట ఇక్కడ ఎవరూ అనకూడదు.

కాసేపు అంటే ఎంతో కూడా చెబుతాను. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు 1434 అనే ఒక్క పోర్టు గుండా పాకింది. దొరకగల మిషన్లలో నూటికి తొంభై పది నిమిషాల్లోపే దాని చేతికి చిక్కాయి. ఆ రంధ్రానికి మాటు 2002 జూలైలోనే వచ్చింది. ఆరు నెలలు అప్‌డేట్ చెయ్యనివాళ్లు, పోర్టు తెరిచి ఉంచినవాళ్లు మునిగారు. పది నిమిషాలు! ఆపిన ఫైర్‌వాల్ మళ్లీ లేపడం మర్చిపోయి టీ తాగి వచ్చేంతసేపు. అప్పటికంటే ఇప్పుడు తలుపులు తట్టేవాళ్లు ఎక్కువ. కొత్తగా సర్వరు పెట్టి లాగ్ చూడండి, ఎక్కడెక్కడి నుంచో ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డులు ప్రయత్నిస్తున్న వరసలు కాసేపట్లోనే కనిపిస్తాయి.

అప్‌డేట్ వస్తే కళ్లు మూసుకుని మింగమని కూడా నేను అనను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. రక్షణ కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేరే దెబ్బ కొట్టింది. అదే ఏడాది మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి, తవ్వి, మార్చి 29న లోకానికి చెప్పాడు. అర సెకను! చాలామంది రీబూట్ చేసి వదిలేసేవాళ్లు. ఆయన వదలలేదు. ఎన్నో కోట్ల ఖరీదు చేసే పరికరాలు పట్టుకోలేనిది, ఎందుకిలా అని అడిగిన ఒక్క మనిషి పట్టుకున్నాడు. ఆ అడిగే గుణమే మా తరం నమ్ముకున్నది. ఆయన ఈ కాలం మనిషే, కాబట్టి ఈ కాలంలో ఆ గుణం కుదరదని నాతో ఎవరూ అనొద్దు.

పనిముట్లు బాగుపడ్డాయని ఒప్పుకుంటాను. ఐపీచెయిన్స్ రోజుల్లో రూల్సు స్క్రిప్టు ఒక్కో లైనూ నడిచేది. మధ్యలో తప్పొస్తే సగం కంచె వేసి ఆగిపోయేది. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఫైలు మొత్తం ఎక్కితే ఎక్కుతుంది, లేకపోతే పాతది అలాగే ఉంటుంది. ఎక్కించే ముందే తప్పులు చూసిపెట్టే ఆప్షన్ ఉంది. ఫైర్‌వాల్‌డీలో ముందు ఇప్పటికి మాత్రమే మార్చి చూసుకుని, బాగుంటే శాశ్వతం చెయ్యొచ్చు. అద్దె సర్వరుకి ఒక్క నొక్కుతో స్నాప్‌షాట్ తీసుకోవచ్చు. జర్నల్‌సీటీఎల్ ఒక్క కమాండుతో ఏ గంటలో ఏం జరిగిందో ముందు పెడుతుంది. మాకు ఇవి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేవాళ్లమో! అందుకే నాకు ఇంత కోపం. ఇన్ని సౌకర్యాలు చేతికిచ్చాక కూడా, ఆపి మళ్లీ కొట్టడం తప్ప ఇంకేమీ చెయ్యమంటే ఎలా?

కుర్రాళ్లని మాత్రమే అని ఊరుకోను. యజమానుల సంగతి కూడా చెప్పాలి. మా రోజుల్లో కొట్టు యజమాని మా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏం చేస్తున్నామో అడిగేవాడు. అర్థం కాకపోయినా మా శ్రమ కళ్లారా చూసేవాడు. ఇప్పుడు ఫోను చేసి "సైటు ఎందుకు పడింది, పది నిమిషాల్లో లేవాలి" అంటారు. లేస్తే డబ్బులు, లేవకపోతే తిట్లు. అరగంట కూర్చుని లాగ్ చదివిన కుర్రాడికి ఇచ్చేదీ, ఫైర్‌వాల్ ఆపేసి రెండు నిమిషాల్లో లేపినవాడికి ఇచ్చేదీ ఒకటే. కొన్నిచోట్ల రెండోవాడికే ఎక్కువ మెప్పు. అలాంటప్పుడు ఏ కుర్రాడు చదువుతాడు? నగకి పూత ఎన్ని మైక్రాన్లు పడిందో అణువణువూ తెలిసిన వ్యాపారి, తన లెక్కలన్నీ ఉన్న సర్వరుకి ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో ఒక్కసారైనా అడగాలి కదా! 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. పెద్ద సంస్థలకే ఆ గతి పట్టినప్పుడు, బ్యాకప్ కూడా సరిగా లేని చిన్న కొట్టు ఏం తట్టుకుంటుంది?

కాబట్టి బందరు, గుడివాడ, అవనిగడ్డ ఎక్కడైనా సరే, సర్వరు నడుపుకునే ప్రతి యజమానికీ నా మాట ఇది. మీ కుర్రాడికి ఒక నోటుబుక్కు కొనివ్వండి. అప్‌డేట్ చేసిన రోజున అందులో నాలుగు లైన్లు రాయమనండి. ముందు రూల్సు దాచాడా, ఏ మాట చెప్పి ఫెయిలైంది, కారణం ఏం తేలింది, చివరికి ఏం మార్చాడు. ఫైర్‌వాల్ ఆపాల్సి వస్తే మీకు చెప్పి ఆపమనండి, లేపాక మళ్లీ చెప్పమనండి. ఆ రాతకి పట్టే అరగంటకి విడిగా జీతం ఇవ్వండి. నెలాఖరున ఆ పుస్తకం తెరిచి చదవండి. అర్థం కాని లైను కనిపిస్తే అడగండి. ఆ అడగడం వల్లే కుర్రాడు నేర్చుకుంటాడు, మీ లెక్కలు మీ దగ్గర మిగులుతాయి. "సర్వరు నడుస్తోందా" అని ఫోనులో అడగడం ఇక మానండి. "రాత్రి లాగ్‌లో ఏం రాసింది" అని అడగండి.